కుంఫిణీ కాగితాలు

ఆగరా చిన్నోడా, ఆగు! ఆ ఎర్ర గుడ్డ మూట మంటలో వెయ్యకు. భోగి మంటకి ఇవ్వాల్సింది విరిగిన కుర్చీ కాళ్ళు, చిరిగిన చాపలు, మీ నాన్న చిన్నప్పటి పుచ్చిపోయిన క్రికెట్ బ్యాటు. ఇది కాదు. ఇలా తే. ఆ పీట ఇటు జరుపు, మోకాళ్ళు పట్టేస్తున్నాయి. పిడకల దండ పడింది కదా, ఇంకో గంట మంటకి ఢోకా లేదు.

ఇందులో ఏముందో తెలుసా? ఒక కంపెనీ జాతకం.

అమ్మడూ, నువ్వు మొన్న నీ స్నేహితురాలితో కలిసి విజయవాడలో కంపెనీ పెట్టానని చెప్పావు. లాప్‌టాప్ ముందు కూర్చుని స్పైస్ ప్లస్ అనే ఫారం నింపానన్నావు. ఆ పేరు విని నేను సాంబారు పొడి వ్యాపారం అనుకున్నాను. పేరు, పాన్, టాన్ అన్నీ ఆ ఒక్క ఫారంతోనే వచ్చేశాయి. సర్టిఫికెట్టేమో ఎక్కడో హర్యానాలో మానేసర్ నుంచి నీ మెయిల్లోకి దిగింది. సంతోషం. నువ్వు కుర్చీలోంచి లేవకుండా చేసిన పనికి మేం ఎనిమిది నెలలు తిరిగాం. ఆ తిరుగుడు చెబుతాను, కాఫీ తాగుతూ వినండి.

అసలు మన బందరుకి కంపెనీ అన్న మాట కొత్తదా? మా తాత దాన్ని కుంఫిణీ అనేవాడు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషు కుంఫిణీ వాళ్ళు ఇక్కడే దిగారు. వాళ్ళకంటే ముందు వలందులు, అంటే డచ్చివాళ్ళు; తర్వాత పరాసులు, అంటే ఫ్రెంచివాళ్ళు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అని మీరు ఆటోవాడికి చెప్పే పేర్లన్నీ ఆ కుంఫిణీల ఆనవాళ్ళే. ఇంగ్లీషు కుంఫిణీకి పుట్టుక పత్రం రాసిచ్చింది ఎలిజబెత్ రాణి, 1600 డిసెంబరు 31న. అప్పట్లో కంపెనీ కావాలంటే వర్తకులు వెళ్ళి రాణిగారి ముందు నిలబడాలి, ఆవిడ దయ తలచాలి. దయతో పని లేదు, కాగితాలు సరిగ్గా ఉంటే నమోదు చేస్తాం అన్న చట్టం మన దేశానికి 1850లో వచ్చింది. 1857లో దానికి లిమిటెడ్ అన్న తోక తగిలింది. ఆ తర్వాత 1866, 1882, 1913. ప్రైవేటు కంపెనీ అనేది 1913 చట్టంతోనే వచ్చింది.

మా నాన్న ఎప్పుడూ 1923 సంగతి చెప్పేవాడు. ఈ ఊళ్ళోనే పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు పెట్టారు. నవంబరు 20న రిజిస్టరయింది, 28న తలుపులు తెరిచింది. అధీకృత మూలధనం 10 లక్షలు, చెల్లించింది ఒక లక్ష. డాక్టరు చదువు చదివిన మనిషి బ్యాంకు పెట్టడమేంటని నవ్వినవాళ్ళు కూడా ఉన్నారట. తెల్లవాడి కుంఫిణీ దిగిన ఊళ్ళో తెలుగువాడు కుంఫిణీ పెట్టాడని నాన్న మీసం దువ్వేవాడు. 2020 ఏప్రిల్ 1న దాన్ని యూనియన్ బ్యాంకులో కలిపేసినప్పుడు మీ నాయనమ్మ పాస్‌బుక్కు పట్టుకుని కూర్చుంది. పోనీలే, అది వేరే కథ.

నేను ఆడిటరుగారి దగ్గర గుమాస్తాగా చేరింది 1964లో. నెలకి 60 రూపాయలు. సిరాబుడ్డి, పిన్నుల డబ్బా, కార్బన్ కాగితాల కట్ట నా ఆస్తి. చేరిన మూడో ఏడు ఒక రైసుమిల్లు భాగస్తులు ఏడుగురు మా గుమ్మంలోకి వచ్చి కూలబడ్డారు. గుడివాడ పక్క పల్లెటూరు వాళ్ళు. బావలూ బావమరుదులూ, ఒక పిల్లనిచ్చిన మామ. భాగస్వామ్య పత్రం స్టాంపు కాగితం మీద ముత్యాల్లా రాయించుకున్నారు. రిజిస్టరు మాత్రం చేయించలేదు. మనలో మనకి రిజిస్ట్రేషనేంటి అనుకున్నారు పాపం.

ఒక వర్తకుడికి బియ్యం అరువిచ్చారు. 11,000 రూపాయలు. ఆ రోజుల్లో ఆ డబ్బుకి మాగాణి వచ్చేది. వాడు రేపు మాపు అంటూ రెండేళ్ళు తిప్పాడు. చివరికి కోర్టుకెక్కారు. వర్తకుడి ప్లీడరు లేచి బియ్యం ముట్టలేదనలేదు, డబ్బు కట్టేశామనీ అనలేదు. ఒకే ఒక ప్రశ్న అడిగాడు: ఈ ఫర్మ్ రిజిస్టరయిందా?

అంతే. 1932 భాగస్వామ్య చట్టం, 69వ సెక్షన్. రిజిస్టరు కాని ఫర్మ్, బేరం చేసిన బయటివాడి మీద ఆ బేరం గురించి దావా వేయడానికి లేదు. విచిత్రం చూడండి, బయటివాడు ఆ ఫర్మ్ మీద దావా వేయొచ్చు! తలుపు అటు నుంచే తెరుచుకుంటుంది. నూరు రూపాయల లోపు చిల్లర దావాలకి మాత్రం ఏదో మినహాయింపు. పోనీ ఇప్పుడు రిజిస్టరు చేయించుకొస్తామంటే, వేసిన దావా దానితో బతకదు. వెనక్కి తీసుకుని, రిజిస్టరయ్యాక కొత్తగా వేసుకోవాలి. కొత్తగా వేద్దామంటే మూడేళ్ళ గడువు దాటిపోయింది. 11,000 రూపాయలు గాల్లో కలిసిపోయాయి.

ఆ చట్టం వెనక ఫీజుల పట్టిక ఒకటుంది. రిజిస్ట్రేషన్‌కి గరిష్ఠం 3 రూపాయలు అని అచ్చేసి ఉంది. ఆడిటరుగారు అది వేలు పెట్టి చూపించారు. పెద్దాయన, పిల్లనిచ్చిన మామ, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చదివాడు. ఎవరూ మాట్లాడలేదు. నాకు ఇప్పటికీ ఆ మూడు రూపాయల అంకె కళ్ళ ముందు ఆడుతుంది.

ఆ దెబ్బకి వాళ్ళు ఫర్మ్ వద్దు, ఏకంగా కంపెనీయే పెడతామన్నారు. పాలు తాగి నోరు కాలినవాడు మజ్జిగని ఊదుకున్నట్టు. అప్పటికి నడుస్తున్నది 1956 చట్టం, ఆ ఏడు ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ కంటే ఏడు నెలలు పెద్దది. 658 సెక్షన్లు. మా ఆఫీసులో ఆ పుస్తకాన్ని దిండు అనేవాళ్ళం, నిజంగానే మధ్యాహ్నాలు దాని మీద తలపెట్టి పడుకునేవాణ్ణి. ప్రైవేటు కంపెనీకి ఇద్దరు చాలు, యాభైమంది మించకూడదు. ఇప్పటి 2013 చట్టంలో అది 200 అయింది, ఒక్కడే ఉన్నా కంపెనీ పెట్టుకోవచ్చన్నారు కూడా. ఒక్కడే మీటింగు పెట్టుకుని ఒక్కడే టీ తాగాలేమో!

మొదటి తగువు పేరు దగ్గరే. అమ్మవారి పేరు పెట్టమని ఊరంతా పట్టు. రాసి పంపితే, అదే పేరుతో ఇంకో కంపెనీ ఉందని తిరిగొచ్చింది. ఆంధ్ర అని ముందు తగిలించారు, అదీ కుదరలేదు. మూడోసారి ఊరి పేరూ అమ్మవారి పేరూ కలిపితే ఒప్పుకున్నారు. ఒక్కో ఉత్తరానికీ జవాబు రావడానికి నెల.

తర్వాత మెమొరాండం, ఆర్టికల్స్. ఇదిగో, ఈ నీలం అట్ట పుస్తకం. ఇప్పుడంటే కంప్యూటర్లో నాలుగు నొక్కులు. ఆ రోజుల్లో అది అచ్చయి తీరాలని చట్టంలోనే ఉండేది, చేతిరాత పనికిరాదు. మన ఊళ్ళోనే ఒక ప్రెస్సులో వేయించాం. ఇంగ్లీషు రాని కంపోజిటరు అక్షరాన్ని బొమ్మలా చూసి పేర్చేవాడు. ప్రూఫులు ఆరుసార్లు దిద్దాను. అయినా ఈ పదకొండో పేజీ చూడు, రైస్ అనాల్సిన చోట రైజ్ అని పడింది. ఆ తప్పు రిజిస్ట్రారుకి కనిపించలేదు, మాకు అచ్చయ్యాక కనిపించింది.

ఇందులో ఆశయాలని ఒక భాగం ఉంటుంది, కంపెనీ ఏమేం పనులు చేయొచ్చో. అక్కడ రాయని పని చేస్తే చెల్లదు. అందుకని ప్లీడర్లు భూమ్మీద ఉన్న వ్యాపారాలన్నీ కుక్కేసేవాళ్ళు. వడ్లు దంచే మిల్లుకి ఇందులో ఓడలు నడపడం, గనులు తవ్వడం, హోటళ్ళు పెట్టడం కూడా ఉన్నాయి. మామగారు అది చదివించుకుని విని, ఓడ ఎప్పుడు కొంటున్నాం అని అడిగాడు.

సంతకాల రోజు మాత్రం పండగే. మిల్లు అరుగు మీద చాప పరిచి అందరూ కూర్చున్నారు. ఒక్కొక్కరు తన పేరు, చిరునామా, వృత్తి, ఎన్ని వాటాలు తీసుకుంటున్నాడో సంతకం పక్కన రాయాలి, సాక్షి చూస్తుండగా. ఏడుగురిలో ఆరుగురు వృత్తి దగ్గర వ్యవసాయం అని రాశారు. కంపెనీ పెడుతున్నాం కదండీ, వ్యాపారం అని రాయండి అన్నాను. రైతుని రైతనే రాయాలి అన్నాడు ఒకాయన. ఇదిగో ఆయన రాతే, కొంచెం వంకరగా. నేను ఈ మూట దాచుకున్నది ఈ ఒక్క పేజీ కోసం.

రిజిస్ట్రారాఫీసు హైదరాబాదులో. రాత్రి బండిలో వెళ్ళి, స్టేషన్లోనే మొహం కడుక్కుని, ఫైలు చంకలో పెట్టుకుని పోయేవాణ్ణి. నేను పని మానేసే నాటికి అది కోఠీలో సుల్తాన్‌బజార్ కేంద్రీయ సదన్‌లో ఉండేది. ఒక స్టాంపు తక్కువని ఒకసారి, ఒక చోట పొట్టి సంతకం లేదని ఒకసారి తిప్పి పంపారు. తిట్టుకున్నాను. కానీ ఒక మాట చెప్పాలి. అక్కడ ఫీజు కట్టి ఎవడైనా ఏ కంపెనీ కాగితాలైనా తీయించి చూసుకోవచ్చు. డైరెక్టర్లెవరు, అప్పెంత, తాకట్టు పెట్టిందేంటి అన్నీ. అప్పు ఇచ్చేవాడికీ సరుకు ఇచ్చేవాడికీ అది ఎంత ధైర్యమో 11,000 పోగొట్టుకున్నవాణ్ణి అడగాలి. రిజిస్ట్రేషనంటే సర్కారుని బతిమాలడం అనుకుంటారు జనం. నా లెక్కలో అది నలుగురికీ నీ మొహం చూపించడం.

చూపించినంత మాత్రాన మొహం నిజమవుతుందా అంటావా? 2009 జనవరి 7న సత్యం రామలింగరాజుగారి ఉత్తరం వచ్చిన రోజు నేనూ అదే అనుకున్నాను. లేని 5,040 కోట్ల నగదు లెక్కల్లో ఉందన్నారు. రిజిస్ట్రారు దగ్గర కాగితాలన్నీ వేళకి దాఖలయ్యే ఉంటాయి! ఆ దెబ్బ తర్వాత వచ్చిందే 2013 చట్టం. ఆడిటర్ని ఇన్నేళ్ళకోసారి మార్చాలి, వాటాదార్లంతా కలిసి దావా వేయొచ్చు లాంటివి అందులోకి ఎక్కాయి.

చిన్నోడా, ఆ ఇనుప ముక్క దేనికనుకున్నావ్? అది కంపెనీ ముద్ర. కాగితం మధ్యలో పెట్టి ఈ పిడి నొక్కు. చూశావా, పేరు ఎలా ఉబ్బిందో! దీన్ని మామగారు బీరువాలో బంగారం పక్కన పెట్టేవాడు. 2015 నుంచి ఇది ఉండి తీరాలన్న నియమం లేదు.

లిమిటెడ్ అంటే కంపెనీ మునిగినా మన ఇల్లూ పొలం జోలికి రారని భాగస్తులకి ధైర్యం చెప్పాం. వాటా సొమ్ము వరకే బాధ్యత. తీరా బ్యాంకుకి అప్పుకి వెళ్తే మేనేజరు ఏడుగురి చేతా సొంత హామీ పత్రాలు రాయించుకున్నాడు, పొలం దస్తావేజులు కూడా పట్టుకున్నాడు. మామగారు నా వైపు చూసిన చూపు మర్చిపోలేను. చట్టం ఇచ్చిన గొడుగు బ్యాంకు గుమ్మంలో ముడవాల్సి వచ్చింది. నీ కంపెనీకి అప్పు తీసుకునేటప్పుడు ఏ కాగితం మీద పెడుతున్నావో చూసుకుని సంతకం పెట్టు తల్లీ.

మిల్లు ఇరవై ఎనిమిదేళ్ళు నడిచింది. తర్వాత మూతపడింది. స్థలం అమ్ముదామని ఒక భాగస్తుడి మనవణ్ణి పేరుకి డైరెక్టరుగా వేశారు. మిల్లు ఆగినా కంపెనీ ఆగదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. మనిషి పోతే ఊపిరి ఆగుతుంది, కంపెనీకి అలా కాదు. ఏటేటా లెక్కలూ రిటర్నూ ఇస్తూనే ఉండాలి, లేదా చట్టప్రకారం దానికి కర్మకాండ చేసి పేరు కొట్టేయించాలి. 2017లో ఢిల్లీ వాళ్ళు దేశం మొత్తం మీద రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు కొట్టేశారు, అందులో మాదీ పోయింది. వరసగా మూడేళ్ళు రిటర్నులు ఇవ్వకపోతే డైరెక్టరుకి ఐదేళ్ళ అనర్హత. ఆ కుర్రాడికి హైదరాబాదులో బంగారం లాంటి సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. ఎప్పుడూ చూడని మిల్లు వల్ల దాన్లో సంతకం పెట్టే యోగ్యత పోయింది. నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. నేనేం చేయగలను, అప్పటికి నా దగ్గర ఈ మూటే మిగిలింది.

మంట తగ్గింది, ఆ తాటాకులు వెయ్యండి. చలానాలు, పాత రసీదులు మంటలో వేసెయ్యొచ్చు. సంతకాల పేజీ నాకివ్వు.

అవునూ అమ్మడూ, నీ ఆఫీసు గుమ్మం మీద బోర్డు ఫోటో చూపించావు, అంతా ఇంగ్లీషులో ఉంది. కంపెనీ పేరూ చిరునామా గుమ్మం బయట రాయాలి, ఆ ఊళ్ళో వాడే భాష లిపిలో కూడా రాయాలి. 1956 చట్టంలో అది 147వ సెక్షను, ఇప్పుడు 12. రాయకపోతే రోజుకి వెయ్యి చొప్పున లక్ష దాకా జరిమానా. కనుమ వెళ్ళాక పెయింటర్ని పిలిపిస్తాను, తెలుగులో రాయించు.