ఊరేగింపు: ఊరికీ వాడకూ నడుమ

"ఊరేగు" అన్న క్రియను విడదీస్తే ఊరు, ఏగు అన్న రెండు మాటలు వస్తాయి. ఏగుట అనగా పోవుట, నడచుట. దేవుడు గుడి విడిచి ఊరిలో నడిస్తే ఊరేగడం. భక్తులు ఆయనను నడిపిస్తే ఊరేగించడం. గుడి దాకా రాలేని ముసలివారికీ, మంచాన పడ్డ రోగులకూ, ఒకప్పుడు రానివ్వని వారికీ కూడ స్వామి తానై ఎదురు వెళ్ళే రోజు అది. అయితే మన భాషలో "ఊరు" పక్కనే "వాడ" అన్న మాట కూడ ఉంది. "ఊరూ వాడా" అని జంటగా పలుకుతామే గాని, రెండూ ఒకటి కావని పల్లెలో పుట్టిన ప్రతివారికీ తెలుసు. ఊరేగింపు ఊరిలో ఏగుతుంది, వాడలోకి ఏగుతుందా? తెలుగునాట కతోలికుల ఊరేగింపుల చరిత్రను ఈ ఒక్క ప్రశ్న పట్టుకొని పరిశీలించవచ్చునని తోచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ముందుగా ఈ ఆచారం పుట్టుక గురించి నాలుగు మాటలు. 1264లో నాలుగవ ఉర్బన్ పోపు, క్రీస్తు శరీరాన్ని ఆరాధించే పండుగను సర్వ క్రైస్తవ సంఘానికీ విధించాడు. తరువాతి శతాబ్దంలో, దివ్యసత్ప్రసాదాన్ని గుడి బయటికి తెచ్చి వీధులలో ఊరేగించడం ఐరోపా అంతటా అలవాటయింది. వీధిలోకి రాగానే మర్యాదల తగవు కూడ వచ్చింది. ఎవరు ముందు నడవాలి, ఎవరు పందిరి కోళ్ళు పట్టాలి అన్నది మన ఉత్సవాలలోని తాంబూల మర్యాదల వంటిదే.

కాని వీధిలో చోటు లేనివారు కూడ ఆ వీధిలోనే చోటు వెతుక్కున్నారు. స్పెయిన్ దేశంలోని సెవిల్ నగరంలో పవిత్ర వారపు ఊరేగింపులు లోకప్రసిద్ధాలు. అక్కడ నల్లజాతివారి కోసం 14వ శతాబ్ది చివరలో ఏర్పడిన భక్తసంఘం ఒకటి నేటికీ తన స్వరూపాలతో వీధిలోకి వస్తుంది. పెరూ దేశపు రాజధాని లిమాలో అక్టోబరు నెలలో ఊదా రంగు దుస్తులు ధరించిన జనసముద్రం నడుమ "అద్భుతాల ప్రభువు" చిత్రం ఊరేగుతుంది. 1651లో అంగోలా నుండి వచ్చిన ఒక బానిస మట్టిగోడ మీద వ్రాసిన సిలువ బొమ్మ అది అని అక్కడి సంప్రదాయం. 1655 నాటి భూకంపంలో ఆ గోడ నిలిచింది. 1687 నాటి భూకంపం తరువాత దాని ప్రతిని వీధులలో ఊరేగించారు. బానిస గీసిన బొమ్మకు ఆ నగరపు దొరలు మోకరిల్లారు.

ఇక మన నేలకు వద్దాం. 18వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుదుచ్చేరి నుండి బయలుదేరి పుంగనూరు, కృష్ణాపురం ప్రాంతాలకు చేరుకున్నారు. కాషాయం కట్టి, మాంసం మాని, సన్న్యాసుల వలె జీవించి, తెలుగు నేర్చి గ్రంథాలు వ్రాశారు. ఆ శతాబ్దిలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరితను "వేదాంత రసాయనము" అన్న పేరుతో కావ్యం చేశాడు. ఆ పేరు చూస్తేనే నాటి తెలుగు క్రైస్తవం ఏ భాషలో ఆలోచించిందో తెలుస్తుంది. నాడు ఆ మతం పుచ్చుకున్నవారిలో రెడ్లు, కమ్మవారు ఎందరో ఉన్నారు. వారి సంతతి తరువాత గుంటూరు సీమకు తరలి వచ్చింది.

అయితే ఈ కాషాయానికి ఒక మూల్యం ఉంది. సన్న్యాసి వాడలో అడుగు పెడితే ఊరు ఆయనను వెలివేస్తుంది. అందుచేత గురువులు అంత్యజుల ఇండ్లకు వెళ్ళడానికి వెనుకాడారు. చావుబ్రతుకుల్లో ఉన్న రోగినే బయటకు మోసుకురమ్మనేవారు. 1704లో పోపు ప్రతినిధి తుర్నోన్ పుదుచ్చేరిలో ఒక శాసనం వెలువరించి, గురువులు ఆ ఇండ్లకు స్వయంగా వెళ్ళి తీరవలసినదే అన్నాడు. నలభై ఏండ్ల వాదోపవాదాల అనంతరం 1744లో పదునాలుగవ బెనెడిక్ట్ పోపు ఈ వివాదానికి ముగింపు పలికాడు. చివరకు జెస్యూట్లు కనుగొన్న ఉపాయం ఏమిటి? దళితుల కోసం వేరే గురువులను నియమించడం. రోము నగరం దాకా వెళ్ళిన వ్యాజ్యం ఊరికొక గురువు, వాడకొక గురువు అన్న తీర్పుగా తిరిగి వచ్చినట్లయింది.

మా ఉత్తరాంధ్రకు కతోలిక మతప్రచారం వేరొక దారిన వచ్చింది. ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన గురువులు 1846లో ఆల్ప్స్ పర్వతాల చెంతనున్న సవాయ్ సీమ నుండి విశాఖపట్నం చేరారు. 1886లో విశాఖ మేత్రాసనం ఏర్పడింది. రేవు దగ్గర మూడు కొండలు వరుసగా ఉన్నాయి కదా! ఒకదానిపై వేంకటేశ్వరుడు, ఒకదానిపై ఇస్హాక్ మదనీ దర్గా, మూడవదైన రాస్ కొండపై మరియమాత. 1864లో రాస్ అనే దొర కట్టుకున్న ఇల్లు తరువాత ప్రార్థనాలయమై, జనం నోట "కొండగుడి" అయింది. డిసెంబరు 8న అమలోద్భవి మాత పండుగకు జనం ఆ కొండ ఎక్కుతారు. ఆషాఢ పౌర్ణమికి సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచే మా చోడవరం ప్రాంతపు వారికి, కొండకు మొక్కి నడవడమంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు.

తెలుగు కతోలికుల ఉత్సవాలలో పెద్దది విజయవాడ గుణదలలోనిది. 1924లో ఇటలీ దేశపు గురువు అర్లాటి అక్కడి కొండపై లూర్దు మాత స్వరూపాన్ని ప్రతిష్ఠించాడు. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్తు అనే పేదపిల్లకు మాత దర్శనమిచ్చిందని కతోలికుల విశ్వాసం. ఆ తేదీకే ఏటా మూడు రోజులు గుణదల ఉత్సవాలు జరుగుతాయి. లక్షల జనం వస్తారు. కొబ్బరికాయ కొడతారు, తలనీలాలు ఇస్తారు, మెట్లు ఎక్కి సిలువ దాకా పోతారు. వచ్చేవారిలో హిందువులూ చాలమంది. ఫిరంగిపురంలో జూలై నెలలో కార్మెల్ మాతకు జరిగేది కూడ తిరునాళ్ళే. "తిరు" అంటే పవిత్రం, "నాళ్ళు" అంటే దినాలు. తేరు, ప్రదక్షిణం, మొక్కు, ముడుపు అన్నవన్నీ ఈ నేల మాటలే. 1744లో వివాదాస్పదమైన దేశాచారాలలో కొన్నింటికి రెండవ వాటికన్ మహాసభ (1962–65) తరువాత ఆలయపు తలుపులే తెరుచుకున్నాయి.

మరి వాడ సంగతి? నేటి తెలుగు కతోలికులలో అధిక సంఖ్యాకులు దళితులు. మాత తేరు వాడ నుండి బయలుదేరి ఊరి పెద్దవీధిన సాగితే, దానిని భుజాన మోసేవారు తమ తాతలు చెప్పులు చేతబట్టి నడిచిన వీధినే నడుస్తున్నారన్న మాట. పూలు చల్లడానికి ఏ గుమ్మాలు తెరుచుకుంటాయో, ఏవి మూసుకుంటాయో ఆ రాత్రి తెలిసిపోతుంది.

ఇంకొక చిక్కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులు వెనుకబడిన తరగతుల "సి" వర్గంలోకి వస్తారు. మతం మారినంత మాత్రాన కులం వదలదని ఊరు అంటుంది. వదిలిందని కాగితం అంటుంది. అందుచేత జపమాల చేతబట్టి పదుగురిలో నడవడం కొందరికి భక్తి మాత్రమే కాదు, బిడ్డల చదువుకూ కొలువుకూ సంబంధించిన నిర్ణయం కూడ. కాగితం మీద ఒకరుగా, కొండ మీద ఒకరుగా బ్రతికేవారిని కపటులని నిందించే ముందు, ఆ రెండు పేర్లూ వారికి పెట్టినదెవరో ఆలోచించాలి.

2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆయనే మొదటివారు. దళితులలోనూ ఆయనే మొదటివారు. 2025 మే నెలలో కొత్త పోపును ఎన్నుకొన్న సభలో కూర్చుని ఓటు వేశారు. వాడలోని రోగి ఇంటికి గురువు వెళ్ళవచ్చునా అని వాదులాడిన రోము నగరానికి వాడ బిడ్డే వెళ్ళి కూర్చోవడానికి, 1704 నుండి లెక్కిస్తే మూడు వందల ఏండ్లు దాటింది.

పండుగల చరిత్ర వ్రాసేవారు దేవుని అలంకారాన్ని, జనసంఖ్యను వర్ణిస్తారు. తేరు ఏ వీధి దాకా వచ్చి వెనుదిరిగిందో కూడ వ్రాస్తే మన గ్రామాల అసలు చరిత్ర బయటపడుతుంది. గౌరమ్మదైనా, పీర్లదైనా, మరియమాతదైనా, మీ మీ ఊళ్ళలో ఊరేగింపు దారి ఎటు పోతుందో, ఎక్కడ ఆగుతుందో, మన పెద్దలు ఉండగానే అడిగి వ్రాసి ఉంచవలసినదిగా మిత్రులందరికీ నా మనవి.