ముళ్లపంది ముళ్ల నుంచి గాజు పూసల దాకా

ఉత్తర అమెరికా మూలవాసులైన ఇరొక్వాయ్‌ల పద్దెనిమిదో శతాబ్దపు తోలు సంచిలో ముందుగా కళ్లను పట్టేది నలుపు. జింక తోలును జంతువు మెదడుతోనే రుద్ది మెత్తబరిచి, నల్ల అక్రోటు రంగు పట్టిస్తే వచ్చిన నలుపది. దాని మీద ఎర్రగా, తెల్లగా మెరిసే గీతలు దారాలనుకుంటే పొరపాటే. అవి ముళ్లపంది ముళ్లు! నానబెట్టి, చదును చేసి, రంగులద్ది, ఒక్కొక్కటే మడిచి కుట్టినవి.

ఇది ఆడవాళ్ల పని. వంశం తల్లివైపు నుంచి లెక్కించే జనం ఈ ఇరొక్వాయ్‌లు. తమను తాము హోడెనొషోనీ, అంటే పొడుగింటివాళ్లం అని చెప్పుకుంటారు. మొహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా తెగల కూటమిలో 1722 ప్రాంతంలో టస్కరోరాలు ఆరోవారుగా చేరారు.

యూరప్ వర్తకులు వెనిస్ గాజు పూసలు, ఉక్కు సూదులు తెచ్చాక ముళ్ల స్థానంలోకి పూసలొచ్చాయి. నమూనాలు మాత్రం అంత తేలిగ్గా మారలేదు. అర్ధచంద్రాకారపు గీత ఆకాశపు కప్పు. దాని మీద జంటగా విచ్చుకునే వంపులు మొలకలు. ఆకాశం నుంచి జారిపడిన స్త్రీ తాబేలు వీపు మీద నేలను మొలిపించిన కథ ఇరొక్వాయ్‌లది మరి.

తర్వాత అసలు దెబ్బ తగిలింది. 1779లో అమెరికా సేనాని సల్లివన్ సేన ఊళ్లనూ పంటలనూ తగలబెట్టింది. భూములు పోయాయి, వేట తగ్గింది, తోలు కరువై మఖమలు వచ్చింది. 1825లో ఈరీ కాలువ పూర్తయ్యాక నయాగరాకు యాత్రికులు పోటెత్తారు. జలపాతం దగ్గర టస్కరోరా స్త్రీలు సంచులమ్మి ఇల్లు నడిపారు. ఈ సంచుల మీద కుట్టుకు కుట్టుకు మధ్య పట్టేవాటికన్నా ఎక్కువ పూసలు గుచ్చితే వరస విల్లులా పైకి లేస్తుంది. పువ్వు ఉబ్బెత్తుగా నిలబడుతుంది. సేకర్తలు వీటికి ముద్దుగా పెట్టిన పేరు చిలిపి వస్తువులనే అర్థమిస్తుంది. అన్యాయమైన పేరు. కొనేవాళ్ల సరదా వేరు, కుట్టేవాళ్ల బతుకు వేరు.

సెనెకా యువతి కెరొలైన్ పార్కర్ పనితనం చూసి ముచ్చటపడిన మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గన్, న్యూయార్క్ రాష్ట్రం కోసం 1849 నుంచి ఇలాంటి వస్తువులు సేకరించాడు. ఆ సేకరణలో చాలా భాగం 1911లో ఆల్బనీలోని ఆ రాష్ట్ర శాసనసభ భవనం తగలబడినప్పుడు కాలిపోయింది.