పాత పద్ధతి, కొత్త ఆకు: అనకాపల్లి చెరకు చేలలో గాయపాకు వైద్యం

అనకాపల్లి చుట్టుపక్కల చెరకు చేల గట్ల మీద, కాలవ ఒడ్డున, ఊళ్లో గోడల పగుళ్లలో కూడా మొలిచే గాయపాకును ఎవరూ నాటరు, ఎవరూ కొనరు. నేలబారుగా పాకే నూగు కాండం, రంపపు అంచుతో ఎదురెదురుగా ఆకులు, పొడుగాటి కాడ చివర ఒంటరిగా ఒక పువ్వు. ఆ పువ్వు మధ్య పసుపు, చుట్టూ నాలుగైదు తెల్లటి రేకలు, ఒక్కో రేక కొసన మూడు నొక్కులు. గడ్డిచామంతి అన్నా, పలకాకు అన్నా, నల్లాలం అన్నా ఇదే. చెరకు నరికేటప్పుడు కత్తి జారినా, ఆకు అంచు చేతిని కోసినా నాలుగు ఆకులు నలిపి పసరు పిండడం తెలుగు పల్లెల్లో పాత అలవాటే. ఇలాంటి వైద్యాల గురించి రాసేవాళ్లు ‘వేల ఏళ్ల మన వారసత్వం’ అంటూ మొదలుపెడతారు. ఈ మొక్క విషయంలో ఆ మాట చెల్లదు. దీని విలువ జనం చేసి చూసిన అనుభవంలో ఉంది. కాబట్టి ఆ అనుభవం ఎంతవరకు సాగిందో దీని మీద నమ్మకమూ అంతవరకే సాగాలన్నది ఈ వ్యాసం వాదన.

లిన్నేయస్ 1753లో ‘స్పీషీస్ ప్లాంటారం’లో దీనికి ట్రైడాక్స్ ప్రోకంబెన్స్ అని పేరు పెట్టి, ఊరుగా మెక్సికో తూర్పు తీరంలోని వెరాక్రూజ్‌ను నమోదు చేశాడు. వృక్షశాస్త్రజ్ఞుడు గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల గురించి రాసిన గ్రంథం నాటికి ఇది ఇక్కడి మొక్కల్లో కలిసిపోయింది. అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క చరక సుశ్రుతులకు తెలిసే వీలు లేదు. శాస్త్రాల్లో చెప్పిన భృంగరాజం ఇదేననే వాదన ఒకటి ఉంది. భృంగరాజం మన గుంటగలగరాకు. అది తడి నేలను కోరుతుంది, పువ్వు చిన్నగా తెల్లగా ఉంటుంది, మూడు నొక్కుల రేకలు దానికి లేవు. మూలికల వ్యాపారంలో ఒకదాని బదులు ఇంకొకటి అమ్ముడుపోతున్న మాట నిజమే కానీ, అంగట్లో జరిగే ఆ మార్పిడి గాయపాకుకు ప్రాచీనతను తెచ్చిపెట్టదు.

అయితే ఇంత కొత్త మొక్క మందుగా ఎలా స్థిరపడింది? దీనికి జవాబు అదే గట్టు మీద ఉంది. వయ్యారిభామ కూడా అమెరికా నుంచి వచ్చిందే, అదీ చామంతి కుటుంబపు మొక్కే. దాన్ని ఎవరూ గాయం మీద పెట్టుకోరు, ముట్టుకుంటేనే దురదలూ దద్దుర్లూ వస్తాయని రైతులకు తెలుసు. పుట్టిల్లూ కుటుంబమూ ఒకటే అయిన రెండు మొక్కల్లో ఒకటి మందై, ఇంకొకటి వెలి అయిందంటే పల్లె జనం కనబడిన ప్రతి ఆకునూ నెత్తిన పెట్టుకోలేదన్నమాట. గ్వాటెమాలాలోనూ నైజీరియాలోనూ ఇదే మొక్కను పుండ్లకూ గాయాలకూ వాడడం ఈ ఊహకు బలమిస్తుంది. ఆ వాడుక మొక్కతో పాటు ప్రయాణించిందా, ఎక్కడికక్కడ మళ్లీ కనిపెట్టారా అన్నది వేరే చర్చ.

రక్తం ఆగేది పసరు వల్ల కాదు, వేలితో నొక్కిపట్టడం వల్ల అని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. చిన్న కోత మీద శుభ్రమైన గుడ్డను నొక్కినా నెత్తురు కాసేపటికి ఆగుతుంది. కానీ రక్తం ఆగడం అటుంచి, గాయం మానడం మీద, నొక్కిపట్టడంతో సంబంధం లేని పరీక్షలూ ఉన్నాయి. 1991లో ‘ప్లాంటా మెడికా’ పత్రికలో అచ్చయిన ఒక అధ్యయనం ఎలుకల గాయాల మీద ఈ మొక్క ప్రభావాన్ని చూసింది. కొలాజెన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసే లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దాని కేంద్ర విషయం. గాయం మానడంలో ఆకు పాత్రను ఊహించడానికి ఇది ఆధారమే. మనుషుల్లో రుజువైందని చెప్పడానికి మాత్రం చాలదు.

అసలు చిక్కు లేపనం దగ్గర మొదలవుతుంది. ఇళ్లలో ఆకు కడిగి, నీడన ఆరబెట్టి, నువ్వుల నూనెలో సన్నని సెగ మీద కాచి, వడకట్టి, తేనెమైనం కలిపి డబ్బాకెత్తుతారు. నూనెలో చిటపటలు ఆగితే ఆకులో తడి పోయినట్టు లెక్క. పద్ధతి నిజంగా పాతదే. ఒక పాలు కల్కం (నూరిన ముద్ద), నాలుగు పాళ్లు నూనె, పదహారు పాళ్లు ద్రవం అన్న కొలత ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడిది. ఆకు కొత్తది, కాచే విద్య పాతది. ప్రాచీనత భ్రమ బహుశా ఇక్కడే పుట్టింది. కానీ పచ్చి పసరులో నీటితో వచ్చే పదార్థాలు నూనెలోకి సరిగా దిగవు, పిప్పితో పాటే పోతాయి. పసరుకు ఉన్న సాక్ష్యాన్ని లేపనానికి అంటగట్టడం కుదరదు. పగిలిన మడమకో, పొక్కు కట్టి ఆరుతున్న గీతకో ఆ లేపనం మేలు చేస్తే, ఆ మేలులో నూనె మైనాల వాటా ఎంతో విడదీసి చూడాలి. ఉత్త నూనె మైనం ఒక చేతికి, ఆకు వేసి కాచినది రెండో చేతికి రాస్తే తేడా తెలుస్తుంది.

అనకాపల్లికి ప్రత్యేకమైన హెచ్చరికలు కొన్ని చెప్పాలి. ఇక్కడ 1913లో చెరకు పరిశోధన కేంద్రం మొదలైంది, బెల్లం మార్కెట్ దేశంలోనే పేరున్నది. చెరకు చేలకు అట్రజిన్, 2,4-డి లాంటి కలుపు మందులు కొడతారు, వాటి లెక్కలో గాయపాకు ఒట్టి కలుపు. మందు పడిన గట్టు మీది ఆకు కడిగినా నమ్మదగ్గది కాదు. ధనుర్వాతం క్రిమి బీజాలు మట్టిలో ఉంటాయి, నీళ్లు మరిగే వేడికి చావవు. అందుచేత సన్నని సెగ మీద కాచిన నూనె శుభ్రమైనదన్న భరోసా లేదు. లోతైన కత్తి గాయానికి సబ్బూ నీళ్లతో కడగడం, ధనుర్వాతం ఇంజెక్షన్ ముందు. బెల్లం పెనం దగ్గర కాలిన గాయం ఇంకా వేరు. దించే వేళకు పాకం 115 డిగ్రీలు దాటి ఉంటుంది, ఒంటికి అతుక్కుంటుంది. దాని మీద లేపనం రాస్తే వేడి లోపలే ఉండిపోతుంది. ఇరవై నిమిషాలు చల్లని నీళ్ల ధార కింద ఉంచడమే దానికి మొదటి చికిత్స. వయ్యారిభామ వల్ల ఇదివరకే దద్దుర్లు వచ్చినవాళ్లు ఈ పసరును కూడా ముందు మోచేతి లోపలి వైపు చుక్క వేసి, రెండు రోజులు చూశాకే వాడాలి. కుటుంబం ఒకటే కాబట్టి ఒకదానికి మండిన చర్మం రెండోదానికీ మండవచ్చు.