తెర మీది ఎరుపు: ఏది అసలు ఎరుపు?

పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) పట్టణంలోని మిడిల్ పాయింట్‌లో భారత మానవశాస్త్ర సర్వే వారి మ్యూజియం ఉంది. అండమాన్, నికోబార్ ఆదిమ తెగల పనిముట్లు, ఆభరణాలు అక్కడ భద్రపరిచారు. ఈ దీవుల పేరు చెబితే రెండు ఎరుపులు గుర్తుకు వస్తాయి. ఒకటి, ఓంగే తెగవారు ఒంటికి పూసుకునే ఎర్రమట్టి రంగు. రెండోది, అండమాన్ పడాక్ కలప రంగు.

ఇలాంటి ఎర్రని వస్తువును మీరు ఫొటో తీసి కంప్యూటర్‌లో తెరిచారనుకోండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అది ఇటుక రంగులో కనిపిస్తుంది. ఫొటోలు చూసే మామూలు ప్రోగ్రాంలో నిప్పులా మండుతూ కనిపిస్తుంది. ప్రింటు తీస్తే గోధుమరంగుకు దిగుతుంది. ఫైలు ఒక్కటే, రంగులు మాత్రం మూడు. ఏది నిజం?

ఇది కేవలం అందానికి సంబంధించిన ప్రశ్న కాదు. దూరాన ఉన్న పరిశోధకుడు చాలాసార్లు మ్యూజియం వస్తువును చూడడు, దాని ఫొటోనే చూస్తాడు. ఆకుమచ్చల ఫొటో చూసి తెగులేదో చెప్పే వ్యవసాయ నిపుణుడికీ, చర్మం ఫొటో చూసే వైద్యుడికీ రంగే సాక్ష్యం. సాక్ష్యం మారితే తీర్పూ మారుతుంది.

అంకె వేరు, రంగు వేరు

డిజిటల్ బొమ్మలో రంగులుండవు, అంకెలుంటాయి. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో చెప్పే మూడు అంకెలు ఉంటాయి. సాధారణంగా ఇవి 0 నుంచి 255 వరకు ఉంటాయి. మన ఎర్రని వస్తువు మీది ఒక చుక్క 200, 60, 40 అనుకుందాం. ఇది ‘మూడు గ్లాసుల బియ్యం’ అన్నట్లే ఉంటుంది. ఏ గ్లాసు? టీ గ్లాసా, మంచినీళ్ల గ్లాసా? గ్లాసు కొలత తెలియనిదే బియ్యం ఎంతో తెలియదు. అలాగే ‘200 ఎరుపు’ అంటే ఏ ఎరుపులో 200 అన్నది తెలియనిదే రంగు తెలియదు. ఆ గ్లాసును నిర్ణయించడానికి శాస్త్రజ్ఞులు పడిన పాట్లే ఈ చరిత్ర.

మాక్స్‌వెల్ నుంచి పదిహేడు మంది దాకా

1861 మే 17న లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ఒక గళ్ల రిబ్బను బొమ్మను ప్రదర్శించాడు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా థామస్ సట్టన్ తీసిన ఫొటోలను, అవే రంగుల కాంతితో తెరమీద ఒకదానిపై ఒకటి పడేలా చేశాడు. రంగుల బొమ్మ వచ్చింది! అయితే ఇక్కడో చిక్కుంది. ఆనాటి ఫొటో పలకలు ఎరుపు కాంతిని దాదాపు గ్రహించలేవు. మరి ఎరుపు ఎలా వచ్చింది? సరిగ్గా నూరేళ్లకు, 1961లో కోడాక్ శాస్త్రజ్ఞులు గుట్టు విప్పారు. రిబ్బనులోని ఎర్రని భాగం కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని కూడా పరావర్తనం చేసింది. ఎర్రని వడపోత ఆ కాంతిని కూడా పోనిచ్చింది. పలక మీద పడింది అదే! పరికరం చూసేదీ కన్ను చూసేదీ ఒకటి కావని ఆ తొలి వర్ణచిత్రమే చూపింది.

అందుచేత ముందు కన్ను చూసేదాన్ని కొలవాలి. 1920ల చివర్లో ఇంగ్లండులో డేవిడ్ రైట్ పది మందితోనూ, జాన్ గిల్డ్ ఏడుగురితోనూ విడివిడిగా ప్రయోగాలు చేశారు. తెరలో ఒక సగంలో ఏదో ఒక తరంగదైర్ఘ్యపు కాంతి ఉంటుంది. రెండో సగంలో మూడు ప్రాథమిక వర్ణాల పాళ్లు మారుస్తూ, రెండు సగాలూ ఒకేలా కనిపించేవరకు సరిచేయాలి. ఈ పదిహేడు మంది కళ్లు ఇచ్చిన ఫలితాల ఆధారంగా 1931లో అంతర్జాతీయ కాంతి సంఘం ‘ప్రామాణిక పరిశీలకుడి’ని నిర్వచించింది. ఈనాటి కంప్యూటర్ రంగుల లెక్కలకు పునాది అదే.

కంప్యూటర్లు వచ్చాక

ఫొటోషాప్ 1990 ఫిబ్రవరిలో మెకింటాష్ కంప్యూటర్ల కోసం విడుదలైంది. ఆనాటి పిక్చర్ ట్యూబు తెరలకు ఒక గుణం ఉంది. అంకెను సగం చేస్తే వెలుగు సగం కాదు, దాదాపు ఐదో వంతుకు పడిపోతుంది. దీన్నే ‘గామా’ అంటారు. మెకింటాష్‌లో ఇది 1.8గా, విండోస్ కంప్యూటర్లలో సుమారు 2.2గా ఉండేది. ఒకదాని మీద తయారైన బొమ్మ రెండోదాని మీద నల్లబడేది. ఆపిల్ సంస్థ 2.2కు మారింది 2009లో!

1993లో ఎనిమిది సంస్థలు కలిసి అంతర్జాతీయ వర్ణ సమాఖ్యను స్థాపించాయి. ప్రతి పరికరానికీ ‘ప్రొఫైల్’ అనే పట్టిక ఉండాలన్నది వాటి ఆలోచన. ‘నా అంకెలకు 1931 కొలతలో అర్థం ఇదీ’ అని చెప్పే పత్రం అది. 1996లో హ్యూలెట్-పాకార్డ్, మైక్రోసాఫ్ట్ మామూలు తెరల కోసం ఎస్‌ఆర్‌జీబీ అనే కొలతను ప్రతిపాదించాయి. అది 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. 1998లో ఫొటోషాప్ 5తో మరో కొలత వచ్చింది. ఒక టెలివిజన్ ప్రమాణం నుంచి తీసుకున్న అంకెలలో పొరపాటు దొర్లింది. అయితే ముద్రణకు అవే అనుకూలంగా ఉన్నాయని వాడేవారు చెప్పడంతో వాటిని అలాగే ఉంచి, ‘అడోబ్ ఆర్‌జీబీ 1998’ అని పేరు పెట్టారు. ఇందులో ఆకుపచ్చల వైపు విస్తృతి ఎక్కువ. ఆ తరువాత ఇంకా విశాలమైన రంగులు చూపే ఫోన్లు, తెరలు వచ్చాయి. గ్లాసులు పెరిగాయి, గందరగోళమూ పెరిగింది!

రోగం ఎక్కడుంది?

ఇప్పుడు మన ఫొటోకు వైద్యం చూద్దాం.

ఒకే తెర మీద రెండు ప్రోగ్రాములు వేర్వేరు రంగులు చూపుతున్నాయా? అయితే ఒకటి ప్రొఫైల్‌ను చదువుతోంది, రెండోది చదవడం లేదు. అడోబ్ ఆర్‌జీబీ ఫైలును ప్రొఫైల్ పట్టించుకోకుండా చూపితే రంగులు వెలిసినట్లుంటాయి. విశాల వర్ణాల తెర మీద మామూలు ఫైలును అలా చూపితే మితిమీరి మెరుస్తాయి.

ఒకే ప్రోగ్రాం రెండు కంప్యూటర్ల మీద వేర్వేరుగా చూపుతోందా? అయితే దోషం తెర ప్రొఫైల్‌దో, అమరికదో కావచ్చు. రాత్రివేళ తెరను పసుపుగా మార్చే సదుపాయాన్ని ముందు ఆపండి. ఆ తరువాత కలరీమీటరుతో తెరను కొలిచి కొత్త ప్రొఫైల్ తయారుచేయాలి.

తెర బాగుండి, ప్రింటే తేడాగా ఉందా? తెర కాంతిని వెలువరిస్తుంది. సిరా కాంతిని మింగుతుంది. తెర చూపే కొన్ని రంగులు సిరాలకు అసలు అందవు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రింటు నమూనాను ముందే చూసే సదుపాయాన్ని వాడుకోండి.

ఒక జాగ్రత్త. ప్రొఫైల్‌ను ‘అసైన్’ చేస్తే అంకెలు అలాగే ఉండి రంగు మారుతుంది. ‘కన్వర్ట్’ చేస్తే అంకెలు మారి, సాధ్యమైనంతవరకు రంగు నిలుస్తుంది. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే జబ్బు ముదురుతుంది.

తెర మీద కంటికి నచ్చేవరకు రంగును దిద్దడం పరిష్కారం కాదు. అది తప్పు తెరకు సరిపోయేలా ఒప్పు ఫైలును చెడగొట్టడమే. అందుకే జాగ్రత్తపరులైన ఫొటోగ్రాఫర్లు వస్తువు పక్కన రంగుల పట్టీ ఉంచి తీస్తారు. 24 గళ్ల అటువంటి పట్టీ ఒకటి 1976 నుంచి వాడుకలో ఉంది. వస్తువు ఎరుపు కాలక్రమంలో వెలిసిపోవచ్చు. కొలతతో సహా దాచిన ఫొటో ఉంటే, అది ఒకప్పుడు ఎంత ఎరుపో రేపటివారు లెక్కకట్టగలరు.