తఖ్దీర్ అంటే చేతులు కట్టుకోవడమా?

గల్ఫ్ నుంచి మయ్యత్ వచ్చినా మన కరీంనగర్, ఆదిలాబాద్ ఇళ్లల్లో ఒకటే మాట: ‘తఖ్దీర్‌ల రాసుంది.’ ఏజెంటు మోసం కూడా ఆ మాట కిందే దఫన్ అయితది.

ఇది పాత బహస్. జబ్రియా వాళ్లు మనిషి మజ్బూర్ అన్నారు. ఖద్రియా వాళ్లు ముఖ్తార్ అన్నారు. అష్అరీ ఉలమా ‘కస్బ్’ అన్నారు: సృష్టి అల్లాహ్‌ది, సంపాదన బందాది. 1929లో హైదరాబాద్ వచ్చిన ఇఖ్బాల్ దృష్టిలో తఖ్దీర్ బయటినుంచి నెట్టే బలవంతం కాదు, లోపలి ఇమ్కాన్.

1927లో హైజెన్‌బర్గ్ అణులోకంలో అనిశ్చితి చూపారు. ఆయన శిష్యుడు, మన హైదరాబాదీ రజీయుద్దీన్ సిద్దీఖీ ఉస్మానియాలో పాఠాలు చెప్పారు. అయితే అణువు ఇత్తెఫాఖ్ మనిషి ఇఖ్తియార్ కాదు.

ప్లేగు ఉన్న షామ్‌కు పోకుండా హజ్రత్ ఉమర్ (రజి.) వెనుదిరిగారు, అదీ అల్లాహ్ తఖ్దీరే అన్నారు. పాస్‌పోర్టు చేతికిచ్చే ముందు వీసా కాగితం చదివించుకోవడమూ అంతే.