బిలస్వర్గపు టెముకలు

చరిత్ర యనగానే మనము శాసనములను, తాళపత్రములను తలంతుము. నేడు నేను అక్షరము పుట్టని నాటి చరిత్రను గూర్చి మాటలాడ నెంచితిని.

కర్నూలు సీమలో బేతంచెర్లకు చేరువను, ఎఱ్ఱమల కొండలలో, బిలస్వర్గ మను గుహలు కలవు. మన యిండ్లలో పఱచెడి బేతంచెర్ల బండవలె ఇదియును సున్నపురాయియే. వాననీరు ఆ రాతిని కరగించి బిలములు చేసెను. పిదప మన్ను చేరి వానిని నింపెను. ఆ మంటిలోనే ఎముకలు నిలిచినవి.

న్యూబోల్డు అను సైనికోద్యోగి వీనిని గూర్చి 1844లోనే వ్రాసెను. ఆ వ్రాత నలువది యేండ్లు మూలబడియుండెను. హక్స్లీ పండితుడు చెన్నపురి గవర్నరగు గ్రాంటు డఫ్‌నకు ఈ గుహలను శోధింపుమని సూచింపగా, భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్టు బ్రూస్ ఫుట్ 1883లో పనికి పూనుకొనెను. అతని కుమారుడు హెన్రీ ఫుట్ 1885 వఱకు త్రవ్వకము సాగించెను. ఒక గుహకు వారు శల్యగృహ మని పేరిడిరి. అది తగిన పేరే.

వారు వెదకినది ఆదిమానవుని జాడ. మిక్కిలిగా దొరకినవి మృగముల యెముకలు. చెక్కిన గుర్తులున్న ఎముకలను ఫుట్ మానవుల పనిముట్లుగా నెంచెను. నేనైతే అంత తొందరపడను. ఏదుపంది ఎముకలను కొఱుకుట కలదు. దాని పంటిగాటు ఉలిగాటువలెనే కనబడును.

1886లో లిడెక్కరు ఆ యస్థులను వర్ణించి, అందలి యొక ఖడ్గమృగమునకు కర్నూలు పేరే పెట్టెను. మన సీమలో ఖడ్గమృగము తిరుగాడెనన్న ఎవరు నమ్ముదురు?

అసలు విశేషము 2014లో ప్రకటితమైనది. పొరలను కాలనిర్ణయము చేసి చూడగా, గుర్తించిన 21 విధముల క్షీరదములలో 20 కనీసము లక్ష యేండ్లుగా ఈ దేశమున వంశము నిలుపుకొన్నట్లు తేలెను. అమెరికా, ఆస్ట్రేలియా ఖండములలో మహామృగము లెన్నో నశించిన కాలమది. మంచుయుగపు కఱవులను, మానవుని రాకను గూడ ఇచ్చటి జంతువులు దాటినవి. అడవియు, బయలును, నీటిపట్టులును దాపుదాపున నుండుటచే వానికి తలదాచుకొన తావు దొరకినదని నా తలంపు. పూర్తిగా అంతరించిన దొక్క కోతిజాతి. దాని చుట్టమగు గెలడా నేడు ఇథియోపియా కొండలలో గడ్డి మేయుచున్నది.

అయినను బ్రదికిన వన్నియు ఇచ్చటనే మిగులలేదు. ఖడ్గమృగమును అడవిలో చూడగోరు కర్నూలువాసి నేడు అస్సామునకో నేపాళమునకో పయనము కట్టవలెను.