సిస్టర్ కాలేని సిస్టర్లు

మన ఆసుపత్రుల్లో నర్సులందరినీ 'సిస్టర్' అనే పిలుస్తాం. బ్రిటన్ ఆసుపత్రుల్లో అది హోదా. వార్డు మొత్తం బాధ్యత మోసే నర్సే అక్కడ సిస్టర్. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఈ మాట పట్టుకునే నేను బ్రిటన్ నేషనల్ హెల్త్ సర్వీస్ చరిత్రలోకి వెళ్లాను. ఎవరు సిస్టర్ కాగలిగారు, ఎవరు కాలేకపోయారు అని అడిగితే, ఆ సంస్థ తన నర్సుల ఎదుగుదలకు ఏం చేసిందో తెలుస్తుంది.

1948 జూలై 5న ఆ సంస్థ మొదలయ్యేనాటికే నర్సుల కొరత తీవ్రంగా ఉంది. 1949 నుంచి కరీబియన్ దీవుల్లో నియామకాలు చేపట్టారు. జమైకా, బార్బడోస్‌ల నుంచి యువతులు ఓడలెక్కి వచ్చారు. వాళ్లు చదువు కోసం వచ్చారు. ఆసుపత్రులకు కావలసింది పనిచేసే చేతులు. శిక్షణలో ఉన్న అమ్మాయే రాత్రి డ్యూటీలతో వార్డుల్ని నడిపేది.

అప్పుడు నర్సింగ్‌కు రెండు దారులుండేవి. మూడేళ్లు చదివితే స్టేట్ రిజిస్టర్డ్ నర్స్. రెండేళ్లు చదివితే ఎన్‌రోల్డ్ నర్స్. ఈ రెండోది 1943 చట్టం గుర్తించిన సహాయక నర్సుల తరగతి. 1961లో పేరులోంచి 'సహాయక' అన్న మాట తీసేశారు గానీ స్థాయి మారలేదు. ఈ దారిలో వెళ్లినవాళ్లకు సిస్టర్ పదవి దాదాపు అందనిదే. చాలామంది నల్లజాతి యువతుల్ని తేడా వివరించకుండానే ఇందులో చేర్చుకున్నారు. తీరా చదువు పూర్తయ్యాక, ఆ సర్టిఫికెట్ సొంత దేశంలో చెల్లదని తెలిసింది. పైకి ఎదగడానికీ లేదు, వెనక్కి వెళ్లడానికీ లేదు.

1966లో శాల్మన్ కమిటీ నర్సింగ్ యాజమాన్యానికి కొత్త అంచెలు సూచించింది. ఆడవాళ్లు ఏలిన మేట్రన్ పదవి కనుమరుగైంది. సంఖ్యలో కొద్దిమందే అయిన మగ నర్సులు పై అంచెల్లో తమ సంఖ్యకు మించి కనిపించసాగారు. నిచ్చెన వేసినంత మాత్రాన అందరూ ఎక్కగలరా?

1980ల చివర్లో 'ప్రాజెక్ట్ 2000' నర్సు చదువును ఉన్నత విద్యలోకి తెచ్చింది. విద్యార్థిని చాలావరకు విద్యార్థినిగానే ఉండే వీలు కలిగింది. ఇది నిజమైన మార్పు. ఎన్‌రోల్డ్ శిక్షణ ఆగిపోయింది. అప్పటికే ఆ అర్హతతో ఏళ్ల తరబడి పనిచేస్తున్న వాళ్లు మాత్రం కన్వర్షన్ కోర్సుల్లో మళ్లీ విద్యార్థులయ్యారు.

దారి చేసుకున్నవాళ్లూ లేకపోలేదు. ఐరిష్ తల్లికీ నైజీరియన్ తండ్రికీ పుట్టిన ఎలిజబెత్ అనియోన్వు 1979లో లండన్‌లోని బ్రెంట్‌లో, దేశంలోనే మొదటి సికిల్ సెల్ నర్స్ కౌన్సెలర్ అయింది. ఆసుపత్రులు పట్టించుకోని నల్లజాతి కుటుంబాల జబ్బును ఒక నర్సు తన ప్రత్యేక విద్యగా మార్చుకుంది.

2015లో ఇంగ్లండ్‌లో ఆ సంస్థ జాతి సమానత్వ ప్రమాణాలు తెచ్చింది. తప్పనిసరి కాని శిక్షణల్లో తెల్లవాళ్లకు ఎంత అవకాశం దొరుకుతోంది, ఇతరులకు ఎంత దొరుకుతోంది అన్నది అందులో ఒక కొలమానం. శిక్షణ దానంతటదే అందరికీ సమానంగా అందదని యజమానే ఒప్పుకున్నట్టయింది. కానీ అప్పటికి 67 ఏళ్లు గడిచాయి.

మన పల్లెల్లో టీకాలేసే ఏఎన్ఎంలదీ రెండేళ్ల చదువే. వాళ్ల మీదా ఇదే ప్రశ్న వేయాలి. ఎన్ని కోర్సులు పెట్టారన్నది సరే, వాటికి వెళ్లమని ఎవరిని డ్యూటీలోంచి వదిలారు? తిరిగొచ్చాక ఎవరిని పై మెట్టు మీద నిలబెట్టారు?